ఉద్యోగం మానకుండా ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు కావడం: దక్షిణాఫ్రికా తెలుగువారికి ఒక దారిచూపు

దక్షిణాఫ్రికా రాజ్యాంగం 1996 నాటిది. అందులో ఆరవ ప్రకరణం భాషలను గురించినది. ఈ దేశంలోని వివిధ సముదాయాలు వాడే భాషలను పెంపొందించి, వాటికి గౌరవం కల్పించాలని చెప్పేచోట గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూల సరసన తెలుగు పేరు కూడా ఉన్నది. చెరకు తోటలకు కూలికి వచ్చినవారి భాష ఒక దేశపు మూలశాసనంలో చేరింది. ఇది మనకు గర్వకారణమే. అయితే ఆ పేరు పుస్తకంలో ఉన్నంత మాత్రాన మన పిల్లలకు అక్షరాలు రావు. బడిలో వాటిని చెప్పేవారు కావాలి. ఆ చెప్పేవారికి చట్టం అడిగే అర్హత ఉండాలి.

మా ఆదివారపు తెలుగు తరగతులకు వచ్చే పెద్దలలో కొందరు మమ్మల్ని ఒక ప్రశ్న తరచుగా అడుగుతూ ఉంటారు. "నాకు డిగ్రీ ఉన్నది, ఉద్యోగం ఉన్నది, ఇల్లూ పిల్లలూ ఉన్నారు. ఇప్పుడు ఉద్యోగం మానకుండా ఉపాధ్యాయ వృత్తిలోకి రావచ్చునా?" రావచ్చును. అయితే ఆ దారిలో వంగే భాగాలూ ఉన్నాయి, వంగని భాగాలూ ఉన్నాయి. ఏది ఏదో ముందే తెలియక మధ్యలో ఆగిపోయినవారు ఉన్నారు. అందుకే ఆ వివరాలను ఒకచోట చేర్చి ఈ వ్యాసం వ్రాస్తున్నాము. తెలుగు మళ్లీ నేర్చుకుంటున్నవారి సౌకర్యం కోసం చివర కొన్ని మాటలకు అర్థాలు ఇచ్చాము.

మన పెద్దల సాయంకాలపు చదువులు

పనిచేస్తూ చదవడం మనకు కొత్త కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా జనం గిర్మిట్ ఒప్పందాల మీద నేటాల్ చేరారు. వారిలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల కూలి. ఆ బతుకులో బడికి చోటు లేదు. ప్రభుత్వం బడి కట్టకపోతే తల్లిదండ్రులే చందాలు పోగుచేసి గోడలు లేపారు, ఆ తరువాత ప్రభుత్వ సహాయం కోసం అడిగారు. నేటాల్‌లో భారతీయుల బడులు చాలావరకు ఇలా పుట్టినవే.

డర్బన్‌లో సాస్త్రి కళాశాల 1929లో తెరుచుకున్నది. భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఇక్కడికి వచ్చిన వి. ఎస్. శ్రీనివాస శాస్త్రి పేరిట వెలసిన ఈ విద్యాలయానికి కూడా మనవారు చందాలు ఇచ్చారు. భారతీయ బాలురకు ఉన్నత పాఠశాల విద్య, దానితోపాటు ఉపాధ్యాయ శిక్షణ అక్కడ లభించాయి. అయితే విశ్వవిద్యాలయపు తలుపులు మాత్రం మూసే ఉన్నాయి. 1936లో మేబెల్ పామర్ అనే అధ్యాపకురాలి పట్టుదల వలన నేటాల్ యూనివర్సిటీ కాలేజీ తెల్లవారు కానివారికి వేరుగా తరగతులు మొదలుపెట్టింది. అవి సాస్త్రి కళాశాల గదులలో, బడి వేళలు ముగిసిన తరువాత జరిగేవి. పగలు పాఠం చెప్పి, సాయంకాలం విద్యార్థులై అదే బల్లల మీద కూర్చున్న ఉపాధ్యాయులు ఆ తరంలో ఎందరో ఉన్నారు. వేరుచేసి పెట్టిన ఆ ఏర్పాటులో అవమానం ఉన్నది. ఆ అవమానాన్ని భరిస్తూనే వారు పట్టాలు సంపాదించారు.

ఉత్తరాల ద్వారా చదువు చెప్పే పద్ధతి కూడా ఇక్కడ పాతదే. 1873లో స్థాపితమై, 1916లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకున్న సంస్థ 1946 నుండి దూరవిద్య అందిస్తున్నది. మనమందరం దానిని యునీసా అని పిలుస్తాము. రాబెన్ దీవి చెరసాలలోని రాజకీయ ఖైదీలు సైతం యునీసా ద్వారా చదువుకున్నారు.

ఉన్నత పాఠశాల అంటే ఏ తరగతులు?

ఈ దేశంలో పాఠశాల విద్యకు నాలుగు దశలున్నాయి. గ్రేడ్ ఆర్ నుండి 3 వరకు పునాది దశ, 4 నుండి 6 వరకు మధ్య దశ, 7 నుండి 9 వరకు సీనియర్ దశ, 10 నుండి 12 వరకు చివరి దశ. ఈ చివరి దశను ఎఫ్.ఇ.టి. అంటారు. మెట్రిక్ పరీక్ష గ్రేడ్ 12 చివర జరుగుతుంది. ఉన్నత పాఠశాలలు సాధారణంగా గ్రేడ్ 8 నుండి 12 వరకు నడుస్తాయి. కాబట్టి ఉన్నత పాఠశాలలో బోధించదలచినవారు సీనియర్ దశకు, ఎఫ్.ఇ.టి. దశకు కలిపి శిక్షణ పొందడం మేలు.

రెండు దారులు

మొదటి దారి బి.ఎడ్. పట్టా. మెట్రిక్ తరువాత చేసే నాలుగేళ్ల చదువు ఇది. దీనికి 480 క్రెడిట్లు. విషయ జ్ఞానం, బోధన రెండూ ఇందులో కలిసి ఉంటాయి. దూరవిద్యలో దీనిని ఉద్యోగం చేస్తూ చదివేవారికి నాలుగేళ్లకంటే ఎక్కువ కాలం పట్టడం సహజం.

రెండవ దారి పీ.జీ.సీ.ఇ. ఇప్పటికే ఒక డిగ్రీ ఉన్నవారు దాని మీద చేసే వృత్తి శిక్షణ ఇది. కనీసం 120 క్రెడిట్లు. పూర్తికాలం చదివితే ఒక ఏడాది, ఉద్యోగం చేస్తూ చదివితే సాధారణంగా రెండేళ్లు. మమ్మల్ని అడిగేవారిలో ఎక్కువమందికి పనికివచ్చేది ఈ దారే. అందుచేత ఇకమీదట దానిని గురించే చెప్తాము.

ఒక క్రెడిట్ అంటే పది గంటల పని అని లెక్క. చదవడం, వ్రాయడం, బడిలో అభ్యాసం చేయడం అన్నీ ఆ గంటలలో కలిసే ఉంటాయి. 120 క్రెడిట్లు అంటే 1,200 గంటలు. రెండేళ్లకు పంచితే ఏడాదికి 600, వారానికి సుమారు 12 గంటలు. నమోదుకు ముందే ఇంట్లోవారితో కూర్చుని ఈ పన్నెండు గంటలు ఎక్కడినుండి వస్తాయో మాట్లాడుకోవడం అవసరం. శనివారం ఉదయమా, పిల్లలు పడుకున్న తరువాతనా, తెల్లవారుజామునా? జవాబు దొరకని ఇంట్లో చదువు మొదటి ఏడాదే తడబడుతుంది.

మీ డిగ్రీ ఏ తలుపు తెరుస్తుంది?

చాలామంది తొట్రుపడే చోటు ఇదే. పీ.జీ.సీ.ఇ. మీకు గణితమో చరిత్రో నేర్పదు. మీకు ఇదివరకే తెలిసిన దానిని ఎలా బోధించాలో నేర్పుతుంది. కాబట్టి మీరు ఏ విషయం బోధించగలరన్నది మీ మొదటి డిగ్రీలోని మాడ్యూళ్ల మీద ఆధారపడుతుంది. ఎఫ్.ఇ.టి. దశలో బోధించదలచిన విషయాన్ని డిగ్రీలో పై ఏడాదుల వరకు చదివి ఉండాలని విశ్వవిద్యాలయాలు సాధారణంగా అడుగుతాయి. సీనియర్ దశ విషయానికి పట్టింపు కొంత తక్కువ. ఏ మాడ్యూలు ఏ స్థాయి వరకు కావాలన్నది ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన నియమావళిలో ప్రకటిస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. ఫీనిక్స్‌లో నివసించే ఒక సోదరికి బీ.కామ్. పట్టా ఉన్నది. పదేళ్లుగా ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తున్నది. ఆమె డిగ్రీలో అకౌంటింగ్ మూడేళ్లు, ఎకనామిక్స్ రెండేళ్లు ఉంటే, ఎఫ్.ఇ.టి. దశలో అకౌంటింగ్ ఆమెకు సహజమైన విషయం. సీనియర్ దశలో ఆర్థిక, నిర్వహణ శాస్త్రాల పాఠం దానికి తోడవుతుంది. ఆమెకు దారి సుగమం.

వెరులంలో ఉండే ఒక తమ్ముడికి న్యాయశాస్త్రంలో పట్టా ఉన్నదనుకొందాం. అది గొప్ప చదువే, కాని న్యాయశాస్త్రం పాఠశాలలో బోధించే విషయం కాదు. అతడు డిగ్రీలో ఇంగ్లీషు, చరిత్ర వంటివి తగినంత చదివి ఉండకపోతే ప్రవేశం దొరకడం కష్టం. అయితే నిరాశ పడనక్కరలేదు. లోటుగా ఉన్న మాడ్యూళ్లను డిగ్రీ కోసం కాకుండా విడిగా చదివే వీలు యునీసాలో ఉన్నది. ఒక ఏడాది ఆలస్యమవుతుంది, అంతే. ఈ సంగతి దరఖాస్తు తిరస్కరించిన తరువాత కాక ముందే తెలుసుకోవాలి. మీ మార్కుల పట్టికను ఎదురుగా పెట్టుకొని, విశ్వవిద్యాలయపు నియమావళితో మాడ్యూలుకు మాడ్యూలు పోల్చి చూడండి. సందేహం ఉంటే వ్రాతపూర్వకంగా అడిగి, వ్రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

విదేశంలో సంపాదించిన పట్టా ఉన్నవారు దానిని ముందుగా దక్షిణాఫ్రికా అర్హతల ప్రాధికార సంస్థ చేత విలువ కట్టించుకోవాలి. ఆ సంస్థను సాక్వా అంటారు. ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాలలో చదివి వచ్చినవారికి ఈ నియమం వర్తిస్తుంది.

చదువు సాగే తీరు

ఉపాధ్యాయ శిక్షణ ఎలా ఉండాలో జాతీయ విధానం ఒకటి నిర్దేశిస్తుంది. 2011లో వెలువడి 2015లో సవరించబడిన ఆ విధానం అయిదు రకాల అభ్యసనాన్ని కోరుతుంది. విషయ జ్ఞానం మొదటిది. దానిని బోధించే నేర్పు రెండవది. బడిలో చూసి, చేసి నేర్చుకోవడం మూడవది. భాష, కంప్యూటరు వంటి పునాది నైపుణ్యాలు నాలుగవది. బడి ఉన్న సమాజాన్ని, అందులోని అసమానతలను అర్థం చేసుకోవడం అయిదవది. ఈ దేశపు చరిత్ర తెలిసినవారికి ఆ అయిదవదాని అవసరం వేరే చెప్పనక్కరలేదు.

యునీసాలో పాఠాలు అంతర్జాలం ద్వారా అందుతాయి. నియమిత తేదీలకు అసైన్‌మెంట్లు పంపాలి, ఆ మీద పరీక్షలు ఉంటాయి. రుసుము మాడ్యూళ్ల లెక్కన చెల్లించాలి కాబట్టి, ఒక ఏడాది తక్కువ మాడ్యూళ్లు తీసుకొని భారాన్ని తగ్గించుకోవచ్చును. ఇది వంగే భాగం. వంగనిది తేదీ. అసైన్‌మెంటు గడువు మీ పిల్లవాడి జ్వరాన్ని చూసి ఆగదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. దరఖాస్తు వేరు, నమోదు వేరు. దరఖాస్తు అంగీకరించబడిన తరువాత, వేరే గడువులోపల మాడ్యూళ్లకు నమోదు చేసుకొని, రుసుము చెల్లించాలి. అంగీకార పత్రం చేతికి వచ్చిందని నిశ్చింతగా కూర్చుని ఏడాది పోగొట్టుకున్నవారు ఉన్నారు.

దూరవిద్య తమకు సరిపడదనుకునేవారు దగ్గరలోని విశ్వవిద్యాలయాలను కూడా విచారించవచ్చును. 2004లో నేటాల్ విశ్వవిద్యాలయం, డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయం కలిసి క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంగా ఏర్పడ్డాయి. దాని విద్యాశాఖ పైన్‌టౌన్ దగ్గర ఎడ్జ్‌వుడ్ ప్రాంగణంలో ఉన్నది.

బడిలో అభ్యాసం: వంగని భాగం

పీ.జీ.సీ.ఇ. చేసేవారు కనీసం 8 వారాలు, గరిష్ఠంగా 12 వారాలు ఒక పాఠశాలలో పర్యవేక్షణలో పనిచేయాలి. ఆ పనిని పరీక్షించి మార్కులు వేస్తారు. బి.ఎడ్. వారికి నాలుగేళ్ల మీద 20 నుండి 32 వారాలు. దీనిని ఇంటి నుండి చేయలేము, రాత్రిపూట చేయలేము, సెలవులలో బడి మూసి ఉన్నప్పుడు చేయలేము. పిల్లలు ఉన్నప్పుడే చేయాలి.

ఈ లెక్కను కాగితం మీద వేసి చూద్దాం. 8 వారాలు అంటే 40 బడి దినాలు. ఈ దేశపు కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగికి ఏడాదికి వరుసగా 21 రోజుల జీతంతో కూడిన సెలవు దక్కుతుంది. వారానికి అయిదు రోజులు పనిచేసేవారికి అది 15 పని దినాలు. చదువు కోసం వేరే సెలవు ఇవ్వాలని ఆ చట్టం యజమానిని నిర్బంధించదు. రెండేళ్ల సెలవు మొత్తం కలిపినా 30 దినాలే అవుతుంది. ఇంకా 10 దినాలు మిగిలి ఉంటాయి. వాటికి జీతం నష్టపోవాలి, లేదా యజమానితో ఏదో ఒక ఒప్పందానికి రావాలి. ఆ రెండేళ్లు కుటుంబంతో కలిసి ఎక్కడికీ వెళ్లే సెలవు ఉండదు. పెళ్లిళ్లకు, కర్మలకు మిగిలే రోజులూ ఉండవు.

మన ఊహలోని ఫీనిక్స్ సోదరి ఈ పది దినాల గురించి దరఖాస్తుకు ముందే తన పైఅధికారితో మాట్లాడితే, శనివారాలు పనిచేసి ఆ దినాలను పూడ్చుకునే ఏర్పాటు కుదరవచ్చును. మాడ్యూళ్లన్నీ ముగించిన తరువాత మాట్లాడితే, చేతిలో మార్కులు ఉండి పట్టా లేని స్థితి వస్తుంది. చాలామంది ఈ దశలోనే ఆగిపోతారు. తెలివి చాలక కాదు, ఓపిక చాలక కాదు. ఎనిమిది వారాల లెక్క ముందు వేసుకోక.

అర్హత లేకుండానే ఇప్పటికే ఏదో ఒక బడిలో పనిచేస్తున్నవారికి కొంత వెసులుబాటు ఉన్నది, ఎందుకంటే వారు రోజూ బడిలోనే ఉంటారు. అయితే వారికి కూడా పర్యవేక్షణలో జరిగి, మార్కులు పొందిన అభ్యాసం అంతే పరిమాణంలో కావాలి. "పదేళ్లుగా చెప్తున్నాను కదా" అన్న మాట దీనికి బదులు కాదు.

అభ్యాసానికి వెళ్లిన తొలి రోజులలో వెనుక కూర్చుని చూడడమే పని. తరువాత ఒక పాఠం, ఆ తరువాత వరుసగా పాఠాలు. ప్రతి పాఠానికి ముందుగా ప్రణాళిక వ్రాయాలి, అయిన తరువాత ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని వ్రాసుకోవాలి. మార్గదర్శకుడైన సీనియర్ ఉపాధ్యాయుడు మీకంటే పదిహేనేళ్లు చిన్నవారై ఉండవచ్చును. కార్యాలయంలో పదిమంది చేత "మేడమ్" అనిపించుకున్నవారికి ఇది కష్టంగా తోస్తుంది. ఆదివారం తరగతిలో మనుమల వయసు పిల్లల పక్కన కూర్చుని గుణింతాలు దిద్దిన మన పాఠకులకు మాత్రం ఆ వినయం ఇదివరకే అలవాటు.

మరొక భాష నేర్చుకోవాలి

కొత్తగా వచ్చే ఉపాధ్యాయులు బోధనకు ఒక అధికార భాషలో సమర్థులై ఉండాలి. ఆ భాష ఇంగ్లీషు లేక ఆఫ్రికాన్స్ అయితే, దానికి తోడు ఒక ఆఫ్రికా భాషలోనో, దక్షిణాఫ్రికా సంజ్ఞాభాషలోనో మామూలు సంభాషణ చేయగలగాలి. సంజ్ఞాభాష 2023లో ఈ దేశపు పన్నెండవ అధికార భాష అయింది. నేటాల్‌లో ఉండే మనకు సహజమైన ఎంపిక ఇసిజులు.

దీనిని ఒక భారంగా చూసేవారు ఉన్నారు. మేము అలా చూడము. చెరకు తోటలలో, వంటిళ్లలో, అంగడి వీధులలో మన పెద్దలు జులూ మాటలు కలిసిన ఫనగాలో మాట్లాడి బతుకు నడిపారు. అయితే ఫనగాలో యజమాని ఆజ్ఞల కోసం పుట్టిన భాష, గౌరవ వాచకాలు లేని భాష. ఇప్పుడు అడుగుతున్నది జులూ పిల్లవాడిని పేరుపెట్టి పిలిచి, వాడి అమ్మమ్మతో మర్యాదగా మాట్లాడగల భాష. ఇసిజులులో ఉపాధ్యాయుడిని "ఉతిషా" అంటారు. పెద్ద వయసులో ఒక భాష నేర్చుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెలుగు కోసం మీరు పడుతున్న శ్రమ ఇక్కడ ఊరికే పోదు.

వృత్తిలో నమోదు

పట్టా చేతికి వచ్చినంత మాత్రాన బోధించే హక్కు రాదు. 2000 నాటి 31వ చట్టం కింద ఏర్పడిన దక్షిణాఫ్రికా ఉపాధ్యాయ మండలిలో నమోదు కావాలి. దీనిని సేస్ అంటారు. ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా ఈ నియమం ఒకటే. శిక్షణలో ఉన్నవారు తాత్కాలికంగా నమోదు చేసుకోవచ్చును. పోలీసు శాఖ ఇచ్చే నిర్దోష పత్రాన్ని 2019 నుండి తప్పనిసరి చేశారు. ఈ పత్రం రావడానికి సమయం పడుతుంది కాబట్టి ముందుగానే వేలిముద్రలు ఇచ్చి దరఖాస్తు చేయడం మంచిది.

నమోదైన తరువాత కూడా చదువు ఆగదు. మూడేళ్లకు ఒకసారి 150 పాయింట్లు వచ్చేలా వృత్తిపరమైన అభ్యసనం కొనసాగించాలని మండలి కోరుతుంది. జీతపు శ్రేణి నిర్ణయించేటప్పుడు మెట్రిక్ మీద ఎన్నేళ్ల గుర్తింపు పొందిన చదువు ఉన్నదో చూస్తారు. మెట్రిక్ తరువాత నాలుగేళ్ల చదువుకు సమానమైన 14వ స్థాయి నేటి కనీస అర్హత. మూడేళ్ల డిగ్రీ, దాని మీద పీ.జీ.సీ.ఇ. కలిసి ఆ స్థాయికి చేరుతాయి.

ధనసహాయం

ఫుంజా లుషాకా అనే ప్రభుత్వ బర్సరీ 2007లో మొదలైంది. ఎన్ని ఏళ్లు బర్సరీ తీసుకుంటే అన్ని ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో పనిచేయాలన్నది దాని షరతు. గణితం, భౌతిక శాస్త్రాల వంటి కొరత ఉన్న విషయాలకు ప్రాధాన్యం ఉంటుంది. ఎవరెవరు అర్హులన్నది ఏటా ప్రకటిస్తారు, ఉద్యోగం చేస్తూ చదివేవారు ఆ నిబంధనలను జాగ్రత్తగా చూసుకోవాలి. కొందరు యజమానులు ఉద్యోగుల చదువుకు సహాయం చేస్తారు. అయితే ఉద్యోగం విడిచి వెళ్లే చదువుకు యజమాని డబ్బు అడగడం ఇబ్బందికరమైన విషయం. అడిగేటప్పుడు దాపరికం లేకుండా అడగండి.

ఇక తెలుగు మాట

ఇదంతా చదివిన తరువాత మీరు అడగవచ్చును. "తెలుగు ఉపాధ్యాయుడిని కావడం ఎలా?" దీనికి సూటిగా జవాబు చెప్పాలి.

2014లో క్వాజులు-నేటాల్ ప్రభుత్వ బడులలో గుజరాతీ, తమిళం, తెలుగు, హిందీ, ఉర్దూ భాషలను ఐచ్ఛిక విషయాలుగా బోధించడానికి మళ్లీ అనుమతి వచ్చింది. అంటే చట్టం అడ్డు లేదు. అడ్డు వేరే చోట ఉన్నది. ఒక విషయాన్ని బోధించాలంటే దానిని డిగ్రీలో చదివి ఉండాలని పైన చెప్పాము. డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు భారతీయ భాషల విభాగం ఉండేది, అందులో తెలుగు చదివి పట్టా పొందినవారు మన మధ్య ఉన్నారు. ఆ విభాగం ఇప్పుడు లేదు. కాబట్టి తెలుగునే ప్రధాన విషయంగా పెట్టుకొని శిక్షణకు వెళ్లే దారి ఈ తరానికి ఇరుకైనది. హైదరాబాదులో 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదివి, ఆ పట్టాకు సాక్వా చేత విలువ కట్టించుకోవడం ఒక మార్గం. అది అందరికీ సాధ్యం కాదు.

అయితే బడి లోపల ఉండే మనిషికి ఒక బలం ఉన్నది. పాఠశాల భాషా విధానాన్ని రూపొందించేది పాలకమండలి. 2024లో వచ్చిన విద్యాచట్ట సవరణ ప్రకారం ఆ విధానానికి ప్రాంతీయ విద్యాశాఖాధిపతి ఆమోదం కూడా కావాలి. పాలకమండలిలో ఉపాధ్యాయుల ప్రతినిధులకు, తల్లిదండ్రుల ప్రతినిధులకు చోటు ఉన్నది. బయటినుండి మన సంఘాలు ఎన్ని వినతిపత్రాలు పంపినా, "చెప్పేవారు ఎవరు?" అన్న ప్రశ్న దగ్గర అవి ఆగిపోతాయి. గణితమో అకౌంటింగో చెప్పే ఉపాధ్యాయురాలు అదే బడిలో ఉండి, "వారానికి రెండుసార్లు బడి విడిచిన తరువాత తెలుగు నేను చెప్తాను" అంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మొదట అది మార్కులు లేని తరగతి అవుతుంది. పిల్లలు చేరి, నిలబడి, అడిగితే ఐచ్ఛిక విషయంగా మార్చమని కోరే ఆధారం ఏర్పడుతుంది.

ఆంధ్ర మహాసభ 1931లో ఏర్పడిన నాటి నుండి మన భాషను గుడి ఆవరణలు, సంఘ భవనాలు, ఇంటి వసారాలు కాపాడుతూ వచ్చాయి. అక్కడ చెప్పినవారు జీతం లేకుండా చెప్పారు. వారి వయసు పెరిగింది. వారి స్థానంలో నిలబడేవారు కావాలి. ఆ నిలబడేవారికి జీతం, గుర్తింపు, నమోదు సంఖ్య ఉంటే వారు ఎక్కువ కాలం నిలుస్తారని మా నమ్మకం.

ముందుగా చేయవలసిన పనులు

మీ డిగ్రీ మార్కుల పట్టిక తీసి, ఏ పాఠశాల విషయానికి సరిపోతుందో చూడండి. లోటు ఉంటే ఏ మాడ్యూళ్లు చదవాలో వ్రాసుకోండి. వారానికి 12 గంటలు ఎక్కడినుండి వస్తాయో ఇంట్లో తేల్చుకోండి. బడి అభ్యాసపు 40 దినాల కోసం పైఅధికారితో మాట్లాడండి. దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని కలిసి, అభ్యాసానికి చేర్చుకుంటారా అని అడగండి. పోలీసు పత్రానికి దరఖాస్తు చేయండి. ఈ పనులు అయిన తరువాతే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పంపండి. రుసుములు, గడువులు ఏటా మారుతాయి కాబట్టి ఆ ఏడాది నియమావళినే ప్రమాణంగా తీసుకోండి.

ఈ వ్యాసంలోని కొన్ని మాటలు

దూరవిద్య: రోజూ తరగతికి వెళ్లకుండా ఇంటి నుండి చదివే చదువు.
ప్రకరణం: చట్టంలో లేక పుస్తకంలో ఒక భాగం.
పట్టా: చదువు పూర్తిచేసినందుకు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం, డిగ్రీ.
అర్హత: ఒక పని చేయడానికి కావలసిన యోగ్యత.
అభ్యాసం: మళ్లీ మళ్లీ చేసి నేర్చుకోవడం.
పర్యవేక్షణ: ఒకరు చేసే పనిని మరొకరు దగ్గర ఉండి చూడడం.
గడువు: ఒక పని ముగించవలసిన చివరి తేదీ.
ఐచ్ఛికం: ఇష్టమైతే తీసుకోదగినది, తప్పనిసరి కానిది.
పాలకమండలి: బడి వ్యవహారాలు నడిపే సభ్యుల గుంపు.
గుణింతం: ఒక హల్లుకు అచ్చులన్నీ చేర్చి వ్రాసే వరుస. క, కా, కి, కీ అని మొదలయ్యేది.

ఈ దారిలో అడుగుపెట్టినవారు మాకు కబురు పంపండి. ఎక్కడ చిక్కు వచ్చిందో, దానిని ఎలా దాటారో తెలిస్తే ఈ పుటలో చేరుస్తాము. తరువాత వచ్చేవారికి అది ఉపయోగపడుతుంది.